గోజో ఓడ మీద రాజీ

మాల్టా కొసన చిర్కేవ్వా రేవులో కార్ల వరుస ఇంకా కదల్లేదు. లిద్వీన షిక్లూనా స్టీరింగు మీద గడ్డం ఆనించి, ఎదురుగా నోరు తెరుచుకుని నిలబడ్డ ఓడ వంక చూస్తోంది. పక్క సీట్లో కాగితాల సంచీ, దాని మీద సగం తిన్న జున్ను పస్తిజ్జీ. వారం రోజులుగా ఆమె బతుకంతా ఈ సముద్రపు పాయకి అటూ ఇటూ తిరగడంతోనే సరిపోతోంది. పొద్దున్నే మాల్టా నుంచి పక్క దీవి గోజోకి ఒక కబురు, మధ్యాహ్నానికి గోజో నుంచి మాల్టాకి దానికి జవాబు. జవాబు ఎప్పుడూ ఒకటే: కుదరదు.

లిద్వీన మాల్టా విదేశాంగ శాఖలో అంతర్జాతీయ శాంతి వ్యవహారాలు చూసే విభాగంలో పనిచేస్తుంది. విభాగమంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. ఆమె, ఆమె పై అధికారి నజ్జారెను జెరాఫా, కిటికీ సరిగ్గా మూతపడని ఒక గది. సముద్రానికి అవతల, ఎడారి అంచున ఉన్న ఒక దేశంలో ఏళ్ల తరబడి కొట్లాట నడుస్తోంది. ఆ దేశం పేరు బయట అననని అప్పుడిచ్చిన మాట మీద లిద్వీన ఇప్పటికీ నిలబడే ఉంది కాబట్టి మనమూ కొట్లాడుతున్న ఆ రెండు పక్షాల్నీ రాజధాని వాళ్ళు, కొండల వాళ్ళు అనుకుందాం. కాల్పులు ఆపడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆగాయో లేదో చూడ్డానికి ఐక్యరాజ్యసమితి పరిశీలకుల్ని రానివ్వడానికీ ఒప్పుకున్నారు. ఆ పరిశీలకులు ఎక్కడ నిలబడాలన్న దగ్గర మాత్రం బండి ఆగిపోయింది.

ఆ ఏడు మాల్టాకి భద్రతా మండలిలో కుర్చీ ఉంది. మర్నాడే న్యూయార్కులో ఓటు. రెండు పక్షాల సంతకాలతో కాగితం చేతిలో లేకపోతే, కాపాడటానికి శాంతే లేని చోటికి మనుషుల్ని ఎలా పంపుతామని పెద్ద దేశాలు చేతులు దులుపుకుంటాయి. ఆ తర్వాత మళ్ళీ ఎప్పటికో.

రాజధాని మంత్రి ఒస్మాన్ దిరా మాల్టా వైపు వలెట్టాలో ఒక హోటల్లో దిగాడు. కొండల వాళ్ళ కమాండరు మరియం తాకో గోజోలో దిగింది. మా మధ్య సముద్రం ఉండాలని వాళ్ళే అడిగారు, అలాగే ఇచ్చారు. ఇప్పుడు ముఖాముఖి మాట్లాడుకోవాల్సిన సమయం వచ్చేసరికి, ఆవిడే రావాలని ఆయన, ఆయనే రావాలని ఆవిడ. ఎవరు ముందు సముద్రం దాటితే వాళ్ళు ఓడినట్టు.

ముందున్న సిమెంటు లారీ ఓడలోకి ఎక్కింది. దాన్నే చూస్తున్న లిద్వీన ఒక్కసారిగా నిటారుగా కూర్చుంది. ఫోను తీసి జెరాఫాకి చేసింది.

"సార్, ఓడ ఎవరిదీ కాదు," అంది.

"నువ్వు రాత్రి నిద్రపోయావా?"

"మాల్టా ఆయనదనుకుంటున్నారు, గోజో ఆవిడదనుకుంటున్నారు. మధ్యలో తిరిగే ఓడ ఎవరిదీ కాదు కదా. ఓడలోనే కూర్చోబెడదాం. దిగమని ఎవర్నీ అడగం."

జెరాఫాకి అరవై దాటాయి. నవ్వడానికి కూడా ముందు అనుమతి కావాలన్నట్టుండే మనిషి. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి, ముందు నువ్వు వరుసలోంచి పక్కకి తప్పుకో అన్నాడు. తప్పుకుంది. అప్పుడు చెప్పాడు, చేసేద్దామని.

ఓడ మొత్తం అద్దెకి తీసుకుంటే సాయంత్రానికల్లా పత్రికల్లో వస్తుంది. అందుకని మామూలుగా జనం ఎక్కే ఓడే కావాలి. ఆ ఓడకి కెప్టెను వెన్జు మెర్చియెకా, లిద్వీన తల్లికి పినతల్లి కొడుకు. మాల్టాలో ఇదో సదుపాయం, ఎవర్ని కదిపినా ఎక్కడో చుట్టరికం తగులుతుంది. పైన సిబ్బంది భోంచేసే గది ఆ ఒక్క రోజుకి ఇమ్మని లిద్వీన అడిగితే, ఆయన కారణం అడగలేదు. తన కుర్రాళ్ళు నిలబడి తినాలంటే గొణుగుతారు, వాళ్ళకి మంచి భోజనం బాకీ అన్నాడు.

అసలు కష్టం తర్వాత మొదలైంది. మంత్రి చిర్కేవ్వాలో ఎక్కితే ఓడ గోజో వెళ్ళి కమాండర్ని ఎక్కించుకుంటుంది. అంటే నేను వెళ్ళి ఆవిడని పిలుచుకొచ్చినట్టే కదా అని మంత్రి పేచీ. ఓడ రోజంతా అదే పని మీద ఉంటుంది, కూరగాయల వాళ్ళనీ పిలుచుకొస్తుంది, మీరు కార్లోంచి దిగకండి, అప్పుడు మీరు వెళ్ళినట్టు కాదు, కారు వెళ్ళినట్టు అని లిద్వీన నచ్చజెప్పింది. అక్కడ కమాండరు, నేను వెళ్ళేసరికి ఆయన ఇంటి యజమానిలా కూర్చుని ఉంటే ఎక్కనని. దానికీ దారి దొరికింది. భోజనం గదికి కుడివైపు ఒక మెట్ల దారి, ఎడమవైపు ఇంకొకటి ఉన్నాయి. ఓడ గోజోలోని ఇమ్జార్ రేవు వదలగానే వెన్జు హారన్ మోగిస్తాడు. ఆ మోతకి ఇద్దరూ ఇటు ఒకరు, అటు ఒకరు ఒకేసారి ఎక్కడం మొదలుపెడతారు. గదిలో జెరాఫా ఒక్కడే కూర్చుని ఉంటాడు.

హారన్ మోగింది. లిద్వీన రెండు మెట్ల దారుల మధ్య నిలబడింది. కుడి తలుపులోంచి మంత్రి బట్టతల, ఎడమ తలుపులోంచి కమాండరు ఎర్ర రుమాలు దాదాపు ఒకేసారి కనిపించాయి. చిన్నప్పుడు పరుగు పందెంలో గెలిచినప్పుడు కూడా ఆమెకి అంత సంతోషం కలగలేదు.

మొదటిసారి దాటేటప్పుడు జరిగింది ఏమీ లేదు. ఇద్దరూ జెరాఫాతో మాట్లాడారు తప్ప ఒకరితో ఒకరు మాట్లాడలేదు. ఓడ చిర్కేవ్వాలో ఆగింది, జనం దిగారు, ఎక్కారు, వీళ్ళు కదల్లేదు. వెనక్కి వచ్చేటప్పుడు వంతెన సంగతి వచ్చింది. నది మీద ఒకే వంతెన. పరిశీలకులు అవతలి ఒడ్డున ఉండాలని ఈయన, ఇవతలి ఒడ్డున ఉండాలని ఆవిడ. వంతెన నడిమధ్యన ఉంచుదామని జెరాఫా అంటే, ఇద్దరికీ అదీ నచ్చలేదు. మంత్రి పటం పరిచాడు. కమాండరు దాని మీద తన గ్లాసు పెట్టింది. మళ్ళీ చిర్కేవ్వా. మళ్ళీ గోజో. వెన్జు కుర్రాళ్ళు తలుపు సందులోంచి తొంగి చూసి పోతున్నారు.

మధ్యాహ్నం దాటాక గ్రిగాల్ గాలి లేచింది. ఈశాన్యం నుంచి వచ్చే ఆ గాలికి పాయంతా తెల్లగా నురగలు కక్కుతుంది. ఓడ పక్కలకి ఊగడం మొదలెట్టింది. పటం బల్ల మీంచి జారి కింద పడింది, ఎవరూ తీయలేదు. మంత్రి మొహం పాలిపోయి, తర్వాత పచ్చగా మారింది. ఆయన మాట మధ్యలో ఆపి పెదాలు బిగించాడు.

అప్పుడే తలుపు తోసుకుని ఒక పెద్దావిడ లోపలికొచ్చింది. చేతిలో బుట్ట, నెత్తికి గుడ్డ, అచ్చమైన గోజో మనిషి. కింద కూర్చోడానికి చోటు లేదట. లిద్వీన ఆపేలోపే వచ్చి మంత్రి పక్కన కూలబడింది. ఆయన మొహం చూసి నాలుక చప్పరించింది.

"ఏం నాయనా, ఎవరూ చూడ్డం లేదా నిన్ను? కింద చూడకు. అదిగో, ఆ కిటికీలోంచి దూరంగా కొండ వంక చూడు." బుట్టలోంచి గలెట్టి బిస్కట్లు తీసి ఆయన చేతిలో పెట్టింది. "కుల్. కొంచెం కొంచెం కొరుకు. కుల్ అంటుంటే."

కుల్ అంటే మాల్టా మాటలో తినమని. మంత్రి తిన్నాడు. కొండ వంక చూస్తూ, బడిపిల్లాడిలా ఒక్కొక్క ముక్కే కొరుక్కుంటూ తిన్నాడు. ఎదురుగా కూర్చున్న కమాండరు ముందు పెదవి కొరుక్కుంది, ఆపుకోలేక ఫక్కున నవ్వేసింది. ఏళ్ల తరబడి కొండల్లో తన మీద బాంబులు వేయించిన మనిషిని ఒక ముసలమ్మ అలా ఆడించడం ఆవిడ ఎన్నడూ అనుకోనిది. మంత్రి కోపంగా చూశాడు, తర్వాత ఆయనకీ నవ్వొచ్చింది, కానీ నవ్వితే కడుపులో తిప్పుతుందని ఊరుకున్నాడు. పెద్దావిడ ఆ నవ్వుకి అర్థం తెలియక, నీ మొగుడి ఒళ్ళు బాలేకపోతే నవ్వుతావేమిటమ్మా అని కమాండర్ని కసిరి, చోటు దొరికిందేమో చూసొస్తానని బుట్టతో వెళ్ళిపోయింది.

అదృష్టవశాత్తూ ఆ చివరి మాట ఆ ఇద్దరికీ అర్థమైనట్టు లేదు. లిద్వీనకి మాత్రం ఒక సంగతి తట్టింది. ఆయన తిన్నాడు. అంటే ఆయనకి కుల్ అన్న మాట తెలిసింది. అరబ్బీలోనూ అదే మాట కదా. మరి వాళ్ళ మాటలు మనకి తెలియవని ఎందుకనుకుంటున్నారు?

ఆ గదిలో అందరూ మాట్లాడేది ఇంగ్లీషే. ఒక్కో పక్షం తమలో తాము గుసగుసలాడుకునేటప్పుడు మాత్రం అరబ్బీ. వచ్చినవాళ్ళకి మాల్టా వాళ్ళంటే ఇటలీ పక్కన ఉండే యూరపు మనుషులు, అంతే. లిద్వీన అప్పటిదాకా ఆ గుసగుసల మీద చెవి పెట్టలేదు. ఇప్పుడు చెవి దానంతటదే అటు మళ్ళింది. కమాండరు తన సహాయకుడితో, వంతెన ఎటైనా పోనీ, బీర్ మాత్రం వదిలితే పిల్లలకి గుక్కెడు నీళ్ళుండవు అంటోంది. బీర్ అంటే బావి. మాల్టాలోనూ బావిని బీర్ అనే అంటారు. కాసేపటికి మంత్రి తన కార్యదర్శి చెవిలో, గలెట్టి నములుతూనే, వంతెన గురించి గట్టిగా పట్టుబట్టు, ఆ బీర్ ఊసు వాళ్ళు ఎత్తకుండా చూడు, అది పోతే నగరం ఎండిపోతుంది అన్నాడు.

లిద్వీన లేచి బయటి డెక్కు మీదికి వచ్చింది. గాలి జుట్టంతా మొహం మీదికి కొట్టింది. వెనకే వచ్చిన జెరాఫాకి విన్నదంతా చెప్పింది. వంతెన ఎవరికీ అక్కర్లేదని, ఇద్దరి ప్రాణమూ ఒకే బావి మీద ఉందని, ఆ భయం ఎదుటివాళ్ళకి తెలియకూడదనే ఇద్దరూ వంతెన మీద పోట్లాడుతున్నారని. ఈ పేచీకి తాళంచెవి దొరికింది. మనమే ఊరికే అన్నట్టు బావి దగ్గర పరిశీలకుల్ని పెడదామా అని ప్రస్తావిస్తే, ఇద్దరూ ఎగిరి గంతేస్తారు, ఎలా తెలిసిందో ఎవరికీ తెలియదు అంది.

జెరాఫా రెయిలింగు పట్టుకుని సముద్రం వంక చూశాడు.

"బావి సంగతి చెప్పు. ఎలా తెలిసిందో కూడా చెప్పు," అన్నాడు.

"చెబితే లేచిపోతారు, సార్."

"పోతే పోతారు. ఇవాళ తెలియనట్టు నటిస్తే పని జరుగుతుంది. రేపో మాపో బయటపడుతుంది. తర్వాత ఈ దీవిలో కూర్చుని మాట్లాడుకోడానికి ఎవడూ రాడు. మనకి సైన్యముందా, నూనె బావులున్నాయా? నమ్మకమొక్కటే ఉంది అమ్మాయ్, దాన్ని ఒక్క మధ్యాహ్నానికి ఖర్చు పెట్టేయకు."

లిద్వీన లోపలికి వెళ్ళింది. బల్ల దగ్గర కూర్చోలేదు, నిలబడే చెప్పింది. మా భాష మీ భాషకి చుట్టమని, మీరు మీలో మీరు అనుకున్నవి సగం నాకు తెలిశాయని, ముందే చెప్పి ఉండాల్సిందని, తప్పు నాదేనని అంది. ఆ తర్వాత, మీ ఇద్దరి నోటా ఒకే మాట విన్నాను, అది వంతెన కాదు అంది.

మంత్రి లేచాడు. మమ్మల్ని పిలిచి వేగు చూస్తారా, ఈ క్షణమే రేవులో దింపండి, నా విమానం సిద్ధం చేయించండి అన్నాడు. ఆయన కార్యదర్శి కాగితాలు సర్దడం మొదలెట్టాడు. కమాండరు లేవలేదు గానీ, మొహం రాయిలా ఉంది. జెరాఫా మాత్రం, కాఫీ కోసం ఎదురు చూస్తున్నట్టు, తన మానాన కూర్చున్నాడు.

అంతలో గోడ మీది మైకు గరగరమంది. వెన్జు గొంతు. రెండు రేవుల్లోనూ కెరటాలు గట్టు దాటుతున్నాయి, ఓడ కట్టడానికి వీల్లేదు, గాలి తగ్గేదాకా పాయ మధ్యలోని కొమినో దీవి చాటున తిరుగుతూ ఉంటాం, ఇంట్లో పొయ్యి మీద ఏదైనా పెట్టి వచ్చినవాళ్ళుంటే సిగ్నల్ ఉండగానే ఫోన్ చేసి చెప్పుకోండి.

మంత్రి తలుపు దాకా వెళ్ళి, నల్లటి నీళ్ళు చూసి, తిరిగి వచ్చాడు. వెళ్ళడానికి చోటు లేదు. కుర్చీలో కూర్చున్నాడు గానీ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

కమాండరు లిద్వీన వంక చూసి అరబ్బీలో నెమ్మదిగా, బావి విలువ నీకేం తెలుసు అని అడిగింది. లిద్వీన ఒక్క క్షణం వెతుక్కుని, తన మాల్టా మాటలోనే జవాబిచ్చింది. మా అమ్మమ్మ ఊళ్ళో కూడా వానాకాలం బావి నిండితేనే ఎండాకాలం గడిచేది, తాళం తాతయ్య దగ్గరుండేది అని. కమాండరు తలూపింది.

"నిజంగానే తెలుస్తోంది ఈ పిల్లకి," అంది, ఈసారి ఇంగ్లీషులో, అందరికీ వినిపించేలా. "మరి ఎందుకు చెప్పావు? నీ దగ్గర దాచుకుని మా ఇద్దర్నీ చెరో పక్కనుంచి తోసి ఉండొచ్చు."

"తోస్తే సంతకం పెట్టేవారు. ఇంటికెళ్ళాక చించేసేవారు," అంది లిద్వీన.

మంత్రి మొహం ఇటు తిరిగింది. ఓడ కొమినో చాటుకి చేరినట్టుంది, ఊగడం తగ్గింది. ఆయన రుమాలుతో నుదురు తుడుచుకుని, ఓడెక్కినప్పటినుంచీ మొట్టమొదటిసారి నేరుగా కమాండర్ని చూసి అడిగాడు.

"బావి మీ చేతిలో ఉంటే మా నగరానికి నీళ్ళు ఆపరని నమ్మకమేంటి?"

"మీ చేతిలో ఉన్న మూడేళ్ళూ మాకు ఆపారు కదా. నేనెలా నమ్మాలి?"

దెబ్బకి దెబ్బే అయినా, అది ఒకరితో ఒకరు ఆడిన మొదటి మాట. జెరాఫా కుర్చీ ముందుకి లాక్కున్నాడు. లిద్వీన కింద పడ్డ పటం తీసి పరిచింది. ఈసారి దాని మీద ఎవరూ గ్లాసు పెట్టలేదు.

ఆ తర్వాత మాటలు గడ్డకట్టలేదు. వరదలా పారాయి. నీలి టోపీల ఐక్యరాజ్యసమితి వాళ్ళు బావి దగ్గర, పంపుల దగ్గర ఉండాలి. తాళాలు వాళ్ళ చేతిలోనే. నీళ్ళు కొండకీ నగరానికీ వంతులవారీగా. పొరుగు దేశాల సైనికులు వద్దని మంత్రి అన్నాడు, దూరపు దేశాల వాళ్ళే కావాలి. కమాండరు ఒప్పుకుంది, అయితే వాళ్ళలో ఆడవాళ్ళు కూడా ఉండాలంది, బావికి నీళ్ళ కోసం వచ్చేది ఆడవాళ్ళే కాబట్టి. మంత్రికి అందులో అభ్యంతరం వెతికే ఓపిక లేదు. వంతెన దగ్గర గస్తీ చాలనుకున్నారు, అదీ తేలిగ్గానే. తుపాకులు ఎవరు ముందు దించాలన్న దగ్గర మళ్ళీ గొంతులు లేచాయి. కమాండరు బల్ల మీద అరచేత్తో కొట్టింది. మంత్రి కూడా కొట్టాడు. లిద్వీన రాస్తూ, కొట్టేస్తూ, మళ్ళీ రాస్తూ, పరిశీలకుల మొదటి జట్టు బావి దగ్గర కాలు పెట్టిన రోజునే ఇరువైపులా వెనక్కి జరగడమని ఒక వాక్యం చదివి వినిపించింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ కాదనలేదు.

సంతకాలయ్యేసరికి బయట ఇంకా వెలుగుంది. కొమినో రాళ్ళ మీద కెరటాలు తెల్లగా ఎగురుతున్నాయి. కాగితం ఫొటో తీస్తే, పంపడానికి ఆ దీవి చాటున సిగ్నల్ అందలేదు. జెరాఫా, నవ్వడానికే అనుమతి అడిగేట్టుండే ఆ జెరాఫా, చొక్కా నడుం దగ్గర బయటికొచ్చి, టై భుజం మీదికి ఎగురుతుంటే, పై డెక్కు చివర ఇనుప పెట్టె మీదికెక్కి ఫోను ఆకాశం వైపు చాపి నిలబడ్డాడు. పడిపోకుండా ఆయన బెల్టు పట్టుకుని లిద్వీన. కింద ప్రయాణికులు తలలెత్తి చూస్తున్నారు. పెద్దాయనకి మతి పోయిందని ఎవరో అన్నారు.

"వెళ్ళింది," అన్నాడాయన. ఇంకోసారి మెల్లగా, "వెళ్ళిందమ్మా," అని, దిగడం మర్చిపోయి అక్కడే నిలబడిపోయాడు.

గాలి తగ్గాక ముందు గోజో రేవులో ఓడ ఆగింది. కమాండరు ఎడమ మెట్ల వైపు వెళ్తూ ఆగి, మంత్రికి చెయ్యి ఇవ్వలేదు గానీ, తల వంచింది. ఆయనా వంచాడు. చిర్కేవ్వాలో కారెక్కబోతూ మంత్రి, ఆ బిస్కట్లు ఎక్కడ దొరుకుతాయని లిద్వీనని అడిగాడు.

మర్నాడు సాయంత్రం, న్యూయార్కులో అప్పటికింకా ఉదయమే, ఆ కిటికీ మూతపడని గదిలో విదేశాంగ శాఖ సగం పట్టింది. తెర మీద భద్రతా మండలి, గుర్రపునాడాలాంటి బల్ల. మాల్టా ప్రతినిధి తీర్మానం చదివింది. మొదటి పేరాలోనే బావి మాట వచ్చింది. అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తమన్నారు. ఒకటి, రెండు, వరుసగా చేతులు లేస్తున్నాయి. కాదంటే తీర్మానాన్నే ఆపగల ఒక పెద్ద దేశం ప్రతినిధి కాగితం చదువుకుంటూ ఉండిపోయాడు. లిద్వీన గోరు కొరికేసింది. పక్కనున్న టైపిస్టు ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన తలెత్తి, కళ్ళజోడు తీసి, అప్పుడు చెయ్యెత్తాడు.

గది మారుమోగిపోయింది. ఎవరో ఎవరినో కౌగిలించుకున్నారు, ఎవరి కాఫీయో ఎవరి చొక్కా మీదో ఒలికింది. బయట రిపబ్లిక్ వీధిలో పోయేవాళ్ళు తలెత్తి చూశారు, ఫుట్‌బాల్‌లో మాల్టా ఎవరి మీదో గెలిచిందేమోనని. లిద్వీన ఏం జరిగిందో ఎవరికీ చెప్పకూడదు. చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో ఆ సాయంత్రం తెలిసింది. ఇంటికి నడుస్తూ, ఎదురొచ్చిన ప్రతి మనిషినీ చూసి నవ్వింది.

అంతా అక్కడితో చక్కబడిందని కాదు. మొదటి జట్టు బయల్దేరడానికే నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు కాల్పులు జరిగాయి, రెండుసార్లూ ఆగాయి. ఎండలు ముదిరిన ఒక రోజున లిద్వీన చేపల వేట హద్దుల మీద ఏదో సమావేశంలో కూర్చుని ఉండగా ఫోనులో ఒక ఫొటో వచ్చింది. కొండల మధ్య ఒక బావి. దాని చుట్టూ బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళ వరుస. పక్కన నీలి టోపీతో ఒక యువతి, తాళాల గుత్తి నడుముకి కట్టుకుని, ఎండకి కళ్ళు చిట్లించి నవ్వుతోంది. ఎవరు పంపారో పేరు లేదు.

లిద్వీన ఐదు నిమిషాలు వస్తానని చెప్పి వరండాలోకి వచ్చింది. గోడకి ఆనుకుని ఆ వరుసలో ఆడవాళ్ళని ఒక్కొక్కరినే పెద్దది చేసి చూసింది. వరుస మొదట్లో ఒకామె ఖాళీ బిందె తిరగేసుకుని దాని మీదే కూర్చుని, పక్కనామెతో కబుర్లలో పడి తన వంతు వచ్చిన సంగతే గమనించలేదు.